పేరు ఇక్కడ, ఫైలు ఎక్కడో

విండోస్ కంప్యూటర్‌లో వన్‌డ్రైవ్ ఫోల్డర్ తెరిచి, ఏదో ఒక ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూస్తే రెండు అంకెలు కనిపిస్తాయి. ఒకటి ఫైలు సైజు. రెండోది డిస్కు మీద అది ఆక్రమించిన చోటు. మొదటిది 40 ఎంబీ అని ఉండి రెండోది సున్నా అని ఉంటే, ఆ ఫైలు ఆ కంప్యూటర్‌లో లేదన్నమాట. పేరుంది, తేదీ ఉంది, వర్డ్‌దో ఎక్సెల్‌దో బొమ్మ కూడా ఉంది. లోపలి సరుకు మాత్రం ఎక్కడో దూరాన ఉన్న డేటా సెంటర్‌లో ఉంది. పేరు పక్కన కనిపించే చిన్న నీలం మబ్బు గుర్తుకు అర్థం అదే. రెండుసార్లు నొక్కినప్పుడు నెట్ ఉంటే సరుకు దిగి ఫైలు తెరుచుకుంటుంది. లేకపోతే తెరుచుకోదు.

చాలామంది ఈ ఏర్పాటును కావాలని పెట్టుకోలేదు. కొత్త కంప్యూటర్ కొని ఖాతా కలిపినప్పుడే అది ఆన్‌లో ఉంది. సెట్టింగ్‌ల జోలికి వెళ్లేవాళ్లు తక్కువ కాబట్టి కంపెనీ మొదట ఏది పెడితే కోట్లమందికి అదే ఉండిపోతుంది. క్లౌడ్‌తో సింక్ అయ్యే ఫైళ్లు మామూలుగా డిస్కులో ఉండాలా, అడిగినప్పుడే దిగాలా అన్నది అందుకే చిన్న ప్రశ్న కాదు. విశాఖపట్నంలో దానికి మరికొంత బరువుంది.

2014 అక్టోబరు 12, ఆదివారం. మధ్యాహ్నం వేళ హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 180 కిలోమీటర్ల స్థాయిలో ఉంది. విమానాశ్రయం టెర్మినల్ పైకప్పు చిరిగిపోయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆవరణలో చెట్లు కూలాయి. రుషికొండ ఐటీ కొండ మీద అద్దాల భవనాలు దెబ్బతిన్నాయి. ఉక్కు కర్మాగారంలో ఉత్పత్తి ఆగిపోయింది. ఊరంతా కరెంటు స్తంభాలు ఒరిగిపోయి సరఫరా రోజుల తరబడి రాలేదు. సెల్ టవర్ బ్యాటరీ మీద కొన్ని గంటలు నడుస్తుంది, ఆ తర్వాత డీజిల్ కావాలి. డీజిల్ కోసం బంకుల దగ్గర క్యూలు, రోడ్ల మీద అడ్డంగా పడిన చెట్లు. ఫోన్లు పలకలేదు, ఏటీఎంలు పనిచేయలేదు. అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు విశాఖలోనే మకాం వేసి పనులు నడిపించారు. ప్రధాని నరేంద్ర మోదీ 14న వచ్చి వెయ్యి కోట్ల రూపాయల తక్షణ సాయం ప్రకటించారు.

ఆ రోజుల్లో డ్రాప్‌బాక్స్ అయినా గూగుల్ డ్రైవ్ అయినా కంప్యూటర్‌లో పెట్టుకుంటే ఎంచుకున్న ఫైళ్లన్నిటినీ డిస్కులోకి దించేసేది. అపార్ట్‌మెంట్ జనరేటర్ గంటసేపు తిరిగినప్పుడు లాప్‌టాప్ చార్జింగ్ పెట్టుకున్నవాళ్లకు తమ ఫైళ్లు తమ దగ్గరే ఉన్నాయి. నెట్ లేదు, అంతే. ఈరోజు అలాంటి తుఫానే వస్తే లాప్‌టాప్ వెలుగుతుంది, ఫోల్డర్ తెరుచుకుంటుంది, ఫైలు తెరుచుకోకపోవచ్చు.

తుఫాను తర్వాత నగరం బలపడిన మాట నిజం. 2015లో ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్ల సాయంతో ఆమోదించిన విపత్తు పునరుద్ధరణ ప్రాజెక్టులో భాగంగా విశాఖలో కరెంటు తీగలను భూగర్భంలోకి దించే పని జరిగింది. ఈ పదేళ్లలో నగరం తీగలను మట్టిలోకి దించి గట్టిపరుచుకుంది. ఆ నగరపు కంప్యూటర్లు మాత్రం తమ ఫైళ్లను గాలిలోకి వదిలేశాయి.

దీనికి చరిత్ర ఉంది. విండోస్ 8.1తో 2013లో మైక్రోసాఫ్ట్ ఇలాంటి పేరు మాత్రపు ఫైళ్లను తెచ్చింది. ఫైలు కనిపిస్తోంది కదా అని ధైర్యంగా బయలుదేరిన జనం విమానం ఎక్కాక అది లేదని తెలుసుకుని తెల్లబోయారు. వచ్చిన ఫిర్యాదులు చూసి 2015లో విండోస్ 10 వచ్చేసరికి కంపెనీ ఆ సదుపాయాన్ని తీసేసింది. ఈసారి ఇంకో వర్గం గోల పెట్టింది. 128 జీబీ డిస్కున్న చిన్న లాప్‌టాప్‌లో వెయ్యి జీబీల క్లౌడ్ ఎలా పట్టాలి అన్నది వాళ్ల బాధ. అదీ న్యాయమైన బాధే. 2017 అక్టోబరులో ఫైల్స్ ఆన్-డిమాండ్ అన్న కొత్త పేరుతో ఆ ఏర్పాటు తిరిగొచ్చింది. యాపిల్ అంతకుముందే 2016లో మ్యాక్‌కు అలాంటిదే తెచ్చింది, డ్రాప్‌బాక్స్, గూగుల్ కూడా 2017లో అదే బాట పట్టాయి. వర్డ్‌లో కొత్తగా మొదలుపెట్టే ఫైలు మొదటినుంచీ క్లౌడ్‌లోనే సేవ్ అయ్యేలా మారుస్తున్నట్టు 2025 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. పదేళ్లలో గాలి పూర్తిగా అటువైపు మళ్లింది.

ఈ చిక్కు గురించి చాలా ముందే ఆలోచించినవాళ్లు ఉన్నారు. ఐఐటీ మద్రాసులో చదివిన మహదేవ్ సత్యనారాయణన్ అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1980ల చివర కోడా అనే ఫైల్ వ్యవస్థను తయారుచేయించారు. సర్వర్‌తో సంబంధం తెగిపోయినా కంప్యూటర్ పని చేస్తూనే ఉండాలన్నది దాని మూల సంకల్పం. శిష్యుడు జేమ్స్ కిస్లర్‌తో కలిసి 1991లో వెలువరించిన పత్రంలో వాళ్లు చేసిన ఏర్పాటు ఈనాటికీ పాఠం చెబుతుంది. ఏ ఫైళ్లు తనకు ముఖ్యమో వాడుకరి ముందే ఒక జాబితాలో రాసి, ఒక్కోదానికి ప్రాధాన్యం ఇస్తాడు. కంప్యూటర్ 10 నిమిషాలకొకసారి ఆ జాబితా తిరగేసి, అవన్నీ తాజాగా డిస్కులో ఉన్నాయో లేదో చూసి, లేనివాటిని తెచ్చిపెట్టుకుంటుంది. లైను తెగిపోవడం ఏదో అరుదైన ప్రమాదం అన్నట్టు కాక, రోజూ జరిగేదే అన్నట్టు ఆ వ్యవస్థ నడిచింది. ముప్పై ఏళ్ల తర్వాత జేబుల్లో 5జీ ఫోన్లు పెట్టుకుని తిరుగుతున్న మనకు అమ్ముతున్న సాఫ్ట్‌వేర్ మాత్రం లైను ఎప్పుడూ ఉంటుందన్న నమ్మకం మీద నడుస్తోంది. ఈ విషయంలో పాతవాళ్ల ఆలోచనే గట్టిది.

నెట్ తెగడానికి తుఫానే రానక్కర్లేదు. 2022 మే 24న జిల్లా పేరు మార్పు మీద అమలాపురంలో అల్లర్లు జరిగాక కోనసీమలో ఇంటర్నెట్ ఆపేశారు. అది వారానికి పైగా సాగింది. కరోనా కాలం నుంచి ఊళ్లోనే ఉండి పని చేస్తున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు లాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ దొరికే చోట్లు వెతుక్కున్నారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానాన్ని చీకట్లో ముంచింది. 2025 సెప్టెంబరులో ఎర్రసముద్రంలో సముద్రగర్భ కేబుళ్లు తెగితే భారతదేశంలోనూ నెట్ నెమ్మదించింది. అదే ఏడాది అక్టోబరు 20న అమెరికాలో అమెజాన్ క్లౌడ్‌లో లోపం వస్తే ప్రపంచమంతటా ఎన్నో సేవలు ఆగాయి. కారణం ప్రతిసారీ వేరు. కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషికి మాత్రం ఫలితం ఒకటే.

అయితే ఈ చర్చలో అన్నిటికన్నా బరువైన సాక్ష్యం దక్షిణ కొరియాది. అక్కడి ప్రభుత్వం 2018 నుంచి ఉద్యోగులు ఫైళ్లను తమ కంప్యూటర్లలో కాక జీ-డ్రైవ్ అనే సర్కారు క్లౌడ్‌లో దాచుకోవాలని చెబుతూ వచ్చింది. భద్రత కోసమే చెప్పింది, సదుద్దేశంతోనే చెప్పింది. 2025 సెప్టెంబరు 26న డేజాన్ నగరంలోని జాతీయ డేటా సెంటర్‌లో లిథియం బ్యాటరీలు అంటుకుని మంటలు లేచాయి. 709 ప్రభుత్వ వ్యవస్థలు ఆగిపోయాయి. మిగతావి మెల్లగా కోలుకున్నా జీ-డ్రైవ్ పూర్తిగా కాలిపోయింది. అందులో 858 టెరాబైట్ల సమాచారం ఉంది. అంత పెద్దదానికి బయట ఎక్కడా బ్యాకప్ పెట్టలేదు. జీ-డ్రైవ్ తప్పనిసరి అని గట్టిగా అమలు చేసిన సిబ్బంది నిర్వహణ మంత్రిత్వ శాఖ అందరికన్నా ఎక్కువ నష్టపోయింది. దాన్ని అంతగా వాడని శాఖలు తక్కువ నష్టంతో బయటపడ్డాయి. చివరికి ఉద్యోగులు వెతికి తీసింది ఏమిటంటే, తమ కంప్యూటర్లలో మిగిలిపోయిన ఫైళ్లు, ఈమెయిల్ జోడింపులు, కాగితాల ప్రింట్లు. నియమం పాటించినవాళ్లకే ఎక్కువ దెబ్బ తగిలింది. ఏ ప్రభుత్వమైనా ఇలాంటి నియమం పెట్టే ముందు ఈ సంగతి ముందుంచుకోవాలి.

రేవు నగరం గుర్తుంచుకోదగిన ఉదాహరణ మరొకటి ఉంది. 2017 జూన్ 27న నాట్‌పెట్యా వైరస్ కంటెయినర్ రవాణాలో అప్పట్లో ప్రపంచంలోనే అతిపెద్దదైన మేర్స్క్ కంపెనీ కంప్యూటర్లను తుడిచిపెట్టింది. ముంబయి దగ్గర జవహర్‌లాల్ నెహ్రూ రేవులో ఆ సంస్థ టెర్మినల్ కూడా స్తంభించింది. కంపెనీ నెట్‌వర్క్‌లో ఎవరు ఎవరో తేల్చే డొమైన్ కంట్రోలర్లు ప్రపంచమంతా ఒకదానికొకటి సింక్ అవుతుండేవి, కాబట్టి అన్నీ ఒకేసారి పోయాయి. ఒక్కటి మిగిలింది, అది ఘనాలో. దాడి జరిగిన వేళ అక్కడ కరెంటు పోయి ఆ కంప్యూటర్ నెట్‌కు దూరంగా ఉంది. ఆ డిస్కును ఘనా నుంచి నైజీరియాకు ఒకరు, అక్కడినుంచి ఇంగ్లండుకు ఇంకొకరు చేతికి చేతికి అందించి తీసుకెళ్తే దాని ఆధారంగా కంపెనీ లేచి నిలబడింది. నష్టం 25 నుంచి 30 కోట్ల డాలర్లు.

మేర్స్క్ కథలో ఇంకో హెచ్చరిక కూడా ఉంది. డిస్కులో ఉంది కదా అని సింక్ కాపీని బ్యాకప్ అనుకోవడం పొరపాటు. ఒకచోట ఫైలు చెరిపితే సింక్ దాన్ని అన్నిచోట్లా చెరుపుతుంది. ఒక కంప్యూటర్‌లో వైరస్ ఫైళ్లకు తాళం వేస్తే తాళం వేసిన కాపీలే క్లౌడ్‌కు ఎక్కుతాయి. పెద్ద సేవలు పాత వెర్షన్లు కొన్నాళ్లు దాచి ఉంచుతాయి గనుక కొంత నయం. అయినా వేరే డిస్కులో, సింక్‌తో సంబంధం లేకుండా, మూడో కాపీ ఒకటి ఉండాలి. ఇక్కడే పేరు మాత్రపు ఫైళ్లు ఇంకో దెబ్బ తీస్తాయి. డిస్కులో సరుకు లేని ఫైలును చాలా బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు కాపీ చేయలేవు. మ్యాక్‌లో టైమ్ మెషీన్ కూడా ఐక్లౌడ్ నుంచి దిగని ఫైళ్లను దాచిపెట్టదు. వారం వారం ఎక్స్‌టర్నల్ డిస్కుకు బ్యాకప్ తీస్తున్నాం అని నమ్మకంగా ఉన్న ఆఫీసుల్లో ఆ డిస్కులో ఏముందో ఒకసారి తెరిచి చూడడం మంచిది.

విశాఖలో రోజూ కనిపించే మంచి ఉదాహరణ సముద్రం మీదే ఉంది. రేవులోకి వచ్చే పెద్ద ఓడల్లో కాగితపు పటాల స్థానంలో ఎలక్ట్రానిక్ పటాల వ్యవస్థను 2012 నుంచి 2018 వరకు దశలవారీగా తప్పనిసరి చేశారు. ఆ పటాలు ఓడలోని కంప్యూటర్‌లోనే ఉంటాయి. సవరణలు వారం వారం వస్తాయి. అవి ఉపగ్రహం ద్వారా రావచ్చు, డిస్కులో రావచ్చు. ప్రధాన వ్యవస్థ చెడితే ఆదుకునే ప్రత్యామ్నాయం కూడా ఓడలో ఉండాలన్నది నిబంధన. లైను తెగితే పటం మాయమయ్యే ఏర్పాటుకు ఏ నావికుడూ ఒప్పుకోడు. ఉక్కు కర్మాగారంలో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని నదుల, దేవతల పేర్లు పెట్టుకున్న బ్లాస్ట్ ఫర్నేస్‌ల లాంటి యంత్రాలను నడిపే కంట్రోలర్లు కూడా బయటి నెట్ కోసం ఆగే రకం కావు. ప్రాణాలూ యంత్రాలూ ముడిపడిన చోట పరిశ్రమ ఎప్పుడో తేల్చుకున్న విషయం ఇది. ఆఫీసు బల్ల దగ్గర మాత్రం ఇంకా తేలలేదు.

ఆఫీసు బల్ల దగ్గర పోయేది తక్కువేం కాదు. రేవు చుట్టూ పనిచేసే కస్టమ్స్ బ్రోకర్ల సంగతే చూడవచ్చు. దిగుమతి సరుకుకు బిల్ ఆఫ్ ఎంట్రీ గడువులోగా ఆన్‌లైన్‌లో దాఖలు చేయకపోతే మొదటి మూడు రోజులు రోజుకు 5 వేల రూపాయలు, ఆపైన రోజుకు 10 వేలు రుసుము పడుతుంది. దాఖలు చేయడానికి నెట్ కావాల్సిందే. కానీ ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు, బిల్ ఆఫ్ లేడింగ్, పాత దాఖలాల కాపీలు సరిచూసుకుని అంతా సిద్ధం చేయడానికి నెట్ అక్కర్లేదు, ఆ ఫైళ్లు డిస్కులో ఉంటే. ఫోన్ హాట్‌స్పాట్ పావుగంట పలికినప్పుడు సిద్ధంగా ఉన్నవాడు పని ముగిస్తాడు. ఆ పావుగంట ఫైళ్లు దించుకోవడానికే చాలనివాడు రుసుము కడతాడు. రిటర్నుల గడువులు నెత్తిన పెట్టుకుని బతికే చార్టర్డ్ అకౌంటెంట్లదీ ఇదే పరిస్థితి.

ఎదుటివైపు వాదనలో కూడా పస ఉంది. మైక్రోసాఫ్ట్ 365 చందాతో మనిషికి ఒక టెరాబైట్ వస్తుంది. సాధారణ లాప్‌టాప్ డిస్కు 256 లేదా 512 జీబీ. అంతా దించడం కుదరని పని. రోజుకు ఒకటిన్నర, రెండు జీబీల మొబైల్ డేటా మీద నెట్టుకొచ్చే విద్యార్థికి మొత్తం దించమంటే కాసేపటికే డేటా అయిపోతుంది. లాప్‌టాప్ పోతే దానితో పాటు ఫైళ్లూ పోతాయి, పరాయివాళ్ల చేతిలో పడతాయి. డిస్కు ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉంటే ఆ భయం చాలావరకు తీరుతుంది. ఇద్దరు నెట్ లేకుండా ఒకే ఫైలును చెరోవిధంగా దిద్దితే తర్వాత రెండు కాపీలు తయారై కూర్చుంటాయి. కోడా తయారైన కాలం నుంచీ ఈ చిక్కు ఉంది. నలుగురు దిద్దే ఎక్సెల్ షీటుకు ఇది నిజంగా తలనొప్పే.

ఇవన్నీ తూచి చూస్తే, అంతా దించాలన్న పట్టూ వద్దు, అంతా క్లౌడ్‌లో వదిలేయడమూ వద్దు. ప్రస్తుతం పని జరుగుతున్న ఫోల్డర్లు, ఈ సంవత్సరపు లెక్కలు, చేతిలో ఉన్న కేసులు మొదటినుంచీ డిస్కులో ఉండాలి. ఫొటోలు, వీడియోలు, ఐదేళ్ల నాటి ఫైళ్లు క్లౌడ్‌లో ఉండిపోవచ్చు. కంపెనీలు ఈ ఎంపికను పూర్తిగా వాడుకరికే వదిలేయకుండా కొత్త కంప్యూటర్ సెటప్‌లోనే ఒక్క ప్రశ్న అడిగినా చాలు. డిస్కు పెద్దదైతే అంతా దించుకోవడమే మొదటి ఎంపికగా పెట్టాలి.

వన్‌డ్రైవ్‌లో సెట్టింగ్స్‌కు వెళ్లి, సింక్ అండ్ బ్యాకప్ కింద అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ఫైల్స్ ఆన్-డిమాండ్ దగ్గర డౌన్‌లోడ్ ఆల్ ఫైల్స్ నొక్కితే అంతా దిగుతుంది. అంత వద్దనుకుంటే కావాల్సిన ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్ ఎంచుకోవాలి. అప్పుడు నిండు ఆకుపచ్చ గుండ్రం వస్తుంది, ఆ ఫోల్డర్‌లోకి తర్వాత చేరేవి కూడా వాటంతట అవే దిగుతాయి. తెల్ల గుండ్రంలో ఆకుపచ్చ టిక్ ఉంటే మోసపోకూడదు. ఒకసారి తెరిచారు కనుక ఫైలు ప్రస్తుతం డిస్కులో ఉందని మాత్రమే దాని అర్థం. డిస్కులో చోటు ఖాళీ చేసే స్టోరేజ్ సెన్స్‌ను అలా అమర్చి ఉంటే కొన్నాళ్లు ముట్టుకోని ఫైలును విండోస్ మళ్లీ మబ్బుల్లోకి పంపేస్తుంది. మ్యాక్‌లో ఐక్లౌడ్ సెట్టింగ్స్‌లో ఆప్టిమైజ్ మ్యాక్ స్టోరేజ్ ఆపేయాలి. 2024లో వచ్చిన మ్యాక్ సెకోయా వెర్షన్ నుంచి ఫోల్డర్‌కు కీప్ డౌన్‌లోడెడ్ అన్న ఎంపిక కూడా ఉంది. డ్రాప్‌బాక్స్ కొత్త ఫైళ్లు ఎలా ఉండాలో అడిగే సెట్టింగ్ ఇస్తుంది, ఆ మేరకు అది మెచ్చదగినది.

ఇక గూగుల్. 2025 అక్టోబరు 14న ఆ సంస్థ విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ డేటా సెంటర్ కేంద్రం, సముద్రగర్భ కేబుళ్ల గేట్‌వే కడతామని ప్రకటించింది. హుద్‌హుద్‌కు పదకొండేళ్లు నిండిన రెండు రోజులకు వచ్చిన ప్రకటన అది. ఇది నగరానికి గొప్ప అవకాశం. కానీ డేటా సెంటర్ పక్కనే ఉన్నంత మాత్రాన గాజువాకలో ఉన్న ఆఫీసు ఫైలు దగ్గరికి రాదు. ఒకరి ఫైళ్లు ఏ సెంటర్‌లో ఉండాలో కంపెనీ తన లెక్కల ప్రకారం నిర్ణయిస్తుంది. ఇంటికి వచ్చే చివరి తీగ పాతదే. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ తక్కువ ఖర్చులో పల్లెపల్లెకూ నెట్ తీసుకెళ్లింది. అందుకోసం ఫైబర్‌ను ఇరవై వేల కిలోమీటర్లకు పైగా కరెంటు స్తంభాల మీదుగానే లాగింది. స్తంభం పడితే కరెంటూ నెట్టూ కలిసే పోతాయి.

గూగుల్ డ్రైవ్‌లో స్ట్రీమ్ బదులు మిర్రర్ ఎంచుకుంటే మై డ్రైవ్ అంతా డిస్కులోకి దిగుతుంది. ఇందులో రెండు లోపాలున్నాయి. గూగుల్ డాక్స్, షీట్స్ ఫైళ్లు మిర్రర్ చేసినా డిస్కులో ఉండేది లింకు మాత్రమే, వాటిని నెట్ లేకుండా తెరవాలంటే బ్రౌజర్‌లో ఆఫ్‌లైన్ ఏర్పాటు విడిగా ఆన్ చేసుకోవాలి. ఆఫీసు బృందాలు వాడే షేర్డ్ డ్రైవ్‌లకు మిర్రర్ సదుపాయం అసలు లేదు. అక్కడ ప్రతి కంప్యూటర్‌లోనూ ఫోల్డర్‌ను ఎంచుకుని అవైలబుల్ ఆఫ్‌లైన్ అని పెట్టుకోవాలి. బంగాళాఖాతంలో తుఫాన్ల కాలం అక్టోబరులో మొదలవుతుంది కాబట్టి, సెప్టెంబరులో ఒక పూట ఆఫీసు వైఫై ఆపేసి అందరూ మామూలుగా పని చేసి చూస్తే ఏ ఫోల్డర్లు మిగిలిపోయాయో అక్కడే తేలుతుంది. ఆ పరీక్ష పెట్టించే బాధ్యత ఎవరిదో ఆఫీసు ముందే ఒకరికి అప్పగించాలి.